కొత్త కోడలికి షర్బత్

బోస్నియాలో త్రావ్నిక్ ఊరు, కోట కింది వీధి, షెమ్సా గారి వంటిల్లు, మే నెలలో ఒక శనివారం పొద్దున. విడాకులిచ్చిన మొగుడు రెండో పెళ్లాన్ని తెచ్చుకుంటుంటే, ఆ పిల్ల గుమ్మంలో తాగాల్సిన షర్బత్‌కి పాకం పట్టమని మొదటి పెళ్లాన్నే పిలిచే అత్తగారు లోకంలో ఒక్కరే ఉంటారు. ఆవిడకే కోడలు కావడం మెలిహా తలరాత. అత్తగారి కుడిచెయ్యి మెడకి కట్టిన రుమాలులో వేలాడుతోంది. మేడమీద వాటా తాళంచెవి బల్ల మీద, పంచదార డబ్బా పక్కన ఉంది. పొద్దున రాగానే మెలిహానే అక్కడ పెట్టింది.

“కలపకు! కలపకు అంటుంటే... గరిటె అవతల పెట్టు.”

“అడుగంటుతుంది అత్తమ్మా.”

“పంచదారా నీళ్లూ అడుగంటడమేమిటే, అదేమన్నా పప్పా? కరిగేదాకా కలిపావు, అక్కడితో సరి. మరిగేటప్పుడు గరిటె పెట్టావంటే పలుకులు కట్టి కూర్చుంటుంది. పదకొండేళ్లనించీ చెబుతున్నా.”

“పదకొండేళ్లనించీ గరిటె మీ చేతిలోనే ఉంది. నాకెప్పుడిచ్చారు గనక?”

“ఇవాళ ఇచ్చాగా.”

“చెయ్యి విరిగింది కాబట్టి ఇచ్చారు.”

“ఎలా ఇస్తేనేం, ఇచ్చా. అదిగో, గిన్నె అంచున పట్టింది చూడు, తడిగుడ్డతో తుడువు. అందులోంచి ఒక్క పలుకు లోపల పడిందా, గిన్నెడు పాకమూ మళ్లీ పంచదారే.”

“తుడుస్తున్నా, తుడుస్తున్నా. నాకు తెలియక అడుగుతాను అత్తమ్మా, మొగుడు తెచ్చుకునే రెండో పెళ్లానికి మొదటి పెళ్లాం షర్బత్ కాచిపెట్టడం ఈ బోస్నియా మొత్తంలో ఎక్కడన్నా ఉందా?”

“మొగుడు కాదు. మాజీ మొగుడు.”

“ఆహా, ఆ ఒక్క మాటతో నా కడుపు చల్లబడింది.”

“కొత్త కోడలు గుమ్మంలో అడుగుపెట్టగానే అత్త చేత్తో గులాబీ షర్బత్ తాగాలి. నోరు తీపైతే ఇంట్లో మాట తీపవుతుంది. మా అత్త నాకిచ్చింది. నేను నీకిచ్చా.”

“అవును. ఇచ్చారు.”

“ఏంటా ‘అవును’?”

“ఏం లేదు. ఇచ్చారుగా, అందుకని అవునన్నా.”

“ఇచ్చాను.”

“ఇచ్చారు. లవంగాలెన్ని?”

“రెండు. మూడోది వేశావంటే పళ్ల డాక్టరు గదిలా కంపు కొడుతుంది. పక్కింటి జెయ్నా అయితే నాలుగేసేది. అందుకే దాని షర్బత్ తాగినవాళ్లకి నాలిక మొద్దుబారి తిట్టడానిక్కూడా కుదిరేది కాదు.”

“ఆ మూత ఇలా అందివ్వండి.”

“ఇదిగో.”

“అత్తమ్మా.”

“ఏంటే?”

“కుడిచేత్తో ఇచ్చారు.”

“ఎవరు?”

“మీరే. విరిగిన చేత్తో.”

“విరగలేదు, బెణికింది.”

“నిన్న ఫోన్‌లో విరిగిందన్నారు. ఒకటే ఏడుపు.”

“నిన్న విరిగింది. ఇవాళ బెణికింది. అల్లా దయవల్ల తగ్గుతోంది. ఓర్చలేవా?”

“నాకేం, రేపటికి డోలు కూడా వాయిస్తారు.”

“నోర్ముయ్. ఆ తాళంచెవి బల్ల మీంచి తియ్యి, పాకం చిందుతుంది.”

“అది మీది. అక్కడే ఉంటుంది.”

“పైవాటా తాళం నాదెట్లా అయిందే?”

“నిన్న చెప్పాగా. నాలుగింటికి వ్యాన్ వస్తుంది.”

“ఏం వ్యాను?”

“అత్తమ్మా, మూడుసార్లు చెప్పాను. సామాన్ల వ్యాను. జెనిత్సాలో గది దొరికింది, వెళ్లిపోతున్నా. మూడుసార్లూ మీకు చెవుడొచ్చింది.”

“ఎన్నో అంతస్తు?”

“ఐదు.”

“లిఫ్టుందా?”

“ఉంది. కదలదు.”

“కిటికీలోంచి ఏం కనిపిస్తుంది?”

“ఎదురు బిల్డింగాయన బనీను. రోజూ ఆరేస్తాడట.”

“ఇక్కడ కొండ కనిపిస్తుంది, కోట కనిపిస్తుంది, ఏరు వినిపిస్తుంది. ఈ మహారాణికి బనీను కావాల్సొచ్చింది.”

“మరి ఏం చెయ్యమంటారు? కింద కొత్త కోడలు, పైన పాత కోడలు. మధ్యలో మెట్ల మీద మీ కొడుకు నేర్మిన్, కాఫీకి ఎటు వెళ్లాలో తెలియక. ఆ పిల్ల బట్టలారేస్తుంటే నా దుప్పట్ల నీళ్లు నెత్తిన కారతాయి. వీధి వీధంతా టిక్కెట్టు లేకుండా సినిమా చూస్తుంది.”

“చూస్తే చూడనీ. ఈ వీధికి ఇంకేం పనుంది?”

“నాకు సిగ్గుండదా అత్తమ్మా? మొగుడు వదిలేశాక కూడా అత్తింట్లో కూర్చుని ఉన్నా. ఏడాది పట్టింది నాకది అర్థం కావడానికి. ఇవాళ ఇది కాచేసి పోతా. సాసరివ్వండి, చుక్క వేసి చూస్తా.”

“సాసరెందుకు, వేలితో చూడు.”

“కాలుతుంది.”

“నీదంతా మైనం చర్మం. మా కాలంలో మరిగే గిన్నెలో వేలు పెట్టి చూసేవాళ్లం.”

“అందుకే మీ వేళ్లు బూట్లు కుట్టే దబ్బనాల్లా ఉన్నాయి. ఇదిగో, చూడండి. తీగొస్తోందా?”

“తీగెందుకు? తీగ బక్లావా మిఠాయికి. షర్బత్‌కి వేలికి జిగురు తగిలితే చాలు. ఇంకాస్త ముదిరిందా, సీసాలో అడుగున రాయి కట్టి, నేర్మిన్‌గాడు సోఫాలో కూర్చున్నట్టు కూర్చుంటుంది, ఎవరు కదిపినా కదలదు.”

“బక్లావా అంటే గుర్తొచ్చింది. కొత్త కోడలొస్తుంటే బక్లావా ఏదీ?”

“చెయ్యి విరిగిందిగా.”

“బెణికిందన్నారు.”

“బెణికిన చేత్తో పిండి సాగదీస్తారా? ఉన్న చెయ్యి కాస్తా పోతుంది.”

“తివాచీలు దులపలేదు. కిటికీలు తుడవలేదు. నా పెళ్లికి వారం ముందునించీ గోడలకి సున్నం కొట్టించారు. ఇప్పుడు మీరు ఆ చిరుగుల స్వెట్టరేసుకుని కూర్చున్నారు.”

“ఇది ఇంట్లో తొడుక్కునేది.”

“వాళ్లొచ్చేది ఇంటికేగా?”

“ఏంటే ఈ పోలీసు ప్రశ్నలు? రేకులు తీసుకురా, పాకం దించే వేళైంది. రేకు మొదట్లో తెల్లగా ఉంటుంది, అది కత్తిరించావా? చేదొస్తుంది.”

“ఒక్కో రేకూ కత్తిరించా. పొద్దున్న ఐదింటినించీ అదే పని.”

“ఏదీ, ఇలా తే... అబ్బ! ఇదేం వాసనే! మన పొద ఈ ఏడు నాలుగు పూలు పూసింది, అందులో రెండు మేక తింది. ఎక్కడివివి?”

“మంచివేగా?”

“మంచివి కాబట్టే అడుగుతున్నా. ఇవి బజారు పూలు కావు.”

“పొంగుతోంది, పాకం చూడండి.”

“పొంగనీ. ఎక్కడివి?”

“చెట్టువి.”

“ఎవరి చెట్టువి?”

“అత్తమ్మా, గులాబీకి ఇంటిపేరుంటుందా ఏంటి?”

“మెలిహా.”

“జెయ్నా పిన్నివి.”

“పారెయ్!”

“అత్తమ్మా...”

“పారెయ్ అంటున్నా! ఆ గోడ అవతలి పువ్వు నా గిన్నెలో పడదు. నా నిమ్మచెట్టుని చంపిన మనిషి పూలతో నా ఇంట్లో షర్బత్తా?”

“మళ్లీ మొదలెట్టారా నిమ్మచెట్టు?”

“మొదలెడతా. మీ మామయ్య సముద్రం ఒడ్డునించి తెచ్చాడు, ఆరు గంటల బస్సు ప్రయాణం, ఒళ్లో పెట్టుకుని. నన్నెప్పుడన్నా అంత ప్రేమగా పట్టుకున్నాడా ఆయన? లేదు. గుమ్మం పక్కన కుండీలో పెడితే ఏటా పాతిక కాయలు కాసేది. నీ పెళ్లైన వారానికే ఆకులు రాల్చి, నల్లబడి, మోడైపోయింది.”

“తెలుసు.”

“ఎందుకైపోయింది?”

“నాకేం తెలుసు?”

“వాళ్ల అమ్మాయిని నేర్మిన్‌కి చేసుకోలేదని జెయ్నాకి కడుపుమంట. గోడ మీంచి బట్టలు తెల్లబరిచే సున్నం నీళ్లు పోసింది.”

“పోస్తుంటే మీరు చూశారా?”

“చూడ్డమెందుకు, వీధందరికీ తెలుసు.”

“వీధందరికీ చెప్పింది మీరేగా. ముప్ఫయ్యేళ్ల స్నేహం అత్తమ్మా. ఒకే గిన్నెలో పాకం పట్టి రెండిళ్లకీ పంచుకునేవాళ్లట. పదకొండేళ్లయింది మాటల్లేవు. ఒక చెట్టు కోసం!”

“నువ్వు దాని తరపున మాట్లాడతావేంటే?”

“ఎవరి తరపునా కాదు. సరే, పారేస్తా. చెత్తబుట్ట ఎక్కడ?”

“ఏమంది?”

“ఎవరు?”

“అదే.”

“పారెయ్యమన్నారుగా?”

“పారెయ్యమంది పువ్వుల్ని. మాటల్ని కాదు. ఏమంది?”

“‘ఆ ముసలి దెయ్యం ఇంకా బతికే ఉందా’ అంది.”

“ముసలా! నాకంటే ఎనిమిది నెలలు పెద్దది, సిగ్గు లేకపోతే సరి! ఇంకా?”

“‘షర్బత్ కాస్తోందా, నాలుగు లవంగాలు వెయ్యమను, రెండేస్తే ఆసుపత్రి నీళ్లలా ఉంటుంది’ అంది. నేను పది పూలడిగితే బుట్ట నిండేదాకా కోసింది. ముళ్లు గీరుకుని చెయ్యంతా రక్తం.”

“మోకాలెలా ఉంది దానికి?”

“కర్ర పట్టుకుని నడుస్తోంది.”

“ఎడమదేనా?”

“ఎడమదే.”

“నాకు తెలుసు. పడిశం పట్టినా దానికి ఎడమ ముక్కే కారేది. వెయ్యి.”

“ఏం వెయ్యను?”

“రేకులు వెయ్యవే! బల్ల మీద వాడిపోతున్నాయి. మంట ఆర్పు ముందు. మరిగే పాకంలో వేస్తే ఉడికి గడ్డి వాసనొస్తుంది. ఆర్పి, పది అంకెలు లెక్కపెట్టి, అప్పుడు. రెండు రేకులు విడిగా ఉంచు, పచ్చివి, గ్లాసులో తేలాలి.”

“ఒకటి, రెండు, మూడు...”

“పైకి లెక్కపెట్టక్కర్లేదు, నాకూ వచ్చు.”

“వేశా. అయ్యో, ముడుచుకుపోతున్నాయే.”

“ముడుచుకుంటాయి. మూత పెట్టు. రంగంతా దిగేదాకా కదపకు. కూర్చో. ఉప్పు డబ్బా ఇటివ్వు.”

“ఉప్పెందుకు?”

“ఆ పిల్లకి.”

“ఏ పిల్లకి?”

“బస్టాండులో టిక్కెట్లమ్మే పిల్లకి. నా కొడుకు కొత్త పెళ్లానికి. ఒక గ్లాసు విడిగా కలుపుదాం. పంచదార లేదు, ఏం లేదు, ఆరు చెంచాల ఉప్పు, పైన రెండు రేకులు. ఎర్రగా ఉంటే చాలు, ఎవడికి తెలుస్తుంది?”

“అత్తమ్మా!”

“ఏం?”

“ఇవ్వను.”

“డబ్బా ఇవ్వవా?”

“ఇవ్వను. గుమ్మంలో నిలబడ్డ పిల్లకి ఉప్పు తాగిస్తారా?”

“నీ మొగుణ్ని ఎత్తుకుపోయిందే!”

“ఎత్తుకుపోడానికి ఆయనేమన్నా కోడిపిల్లా? తొంభై రెండు కిలోలు. తన కాళ్లతో నడిచి వెళ్లాడు, పైగా నా సూట్‌కేసు తీసుకుని. ఆ పిల్లదేం తప్పు? ఆ గుమ్మంలో నిలబడితే ఎలా ఉంటుందో మీకు తెలియదా? ముసుగులో చెమట, కొత్త చెప్పులు కరుస్తుంటాయి, వీధంతా గోడలెక్కి చూస్తుంటుంది. ఎదురుగా అత్తగారు. ఆవిడ చేతిలో ఉన్న గ్లాసు ఒక్కటే దిక్కు. అందులో ఉప్పా?”

“అంత జాలేంటే దాని మీద?”

“జాలి కాదు. ఎవరికీ చెయ్యకూడదది. అసలెవరన్నా చేస్తారా అలాగ?”

“నేను చేశా.”

“ఈ డబ్బా పై అరలో పెట్టేస్తా.”

“వినపడిందా?”

“వినపడింది.”

“నీకే.”

“మూత తియ్యనా? రంగు దిగి ఉంటుంది.”

“కూర్చో. మూత ఎక్కడికీ పోదు. నీకే ఇచ్చా. ఆరు చెంచాలు. నా చేత్తో కలిపా, మీ మామయ్య నమాజుకి వెళ్లాడు, ఎవరూ చూళ్లేదు.”

“ఎందుకు?”

“నువ్వు నాకు నచ్చలేదు.”

“అది తెలుసు లెండి.”

“తెలియదు నీకు, ఎంత నచ్చలేదో. చెప్పుల ఫ్యాక్టరీలో అట్టలంటించే పిల్ల, అమ్మా నాన్నా లేరు, నోట్లో మాట లేదు. నేనూ జెయ్నా ఇరవయ్యేళ్లు కలలు కన్నాం, మనిద్దరం వియ్యపురాళ్లం అవుతామని. నేర్మిన్‌గాడు ఒక్క సాయంత్రంలో దాని మీద నీళ్లు పోశాడు. నాకు ఒళ్లు మండిపోయింది. ఉప్పు తాగి ఉమ్మేస్తావనుకున్నా. అత్త చేతి షర్బత్ గుమ్మంలోనే ఉమ్మేసింది అని వీధంతా చూస్తుంది, ఆ మాట పట్టుకుని వచ్చినదాన్ని వచ్చినట్టే పంపించేద్దామనుకున్నా.”

“మరి పంపలేదేం?”

“నువ్వు ఖాళీ గ్లాసు నా చేతిలో పెట్టావు. మొహం చిట్లించలేదు, దగ్గలేదు. వంగి నా చెయ్యి ముద్దు పెట్టుకుని ‘మీ చెయ్యి బంగారం అత్తమ్మా, ఇంత తియ్యటి షర్బత్ జన్మలో తాగలేదు’ అన్నావు. అందరి ముందూ.”

“అన్నాను.”

“అంత ఉప్పు పోసినదాన్ని పట్టుకుని తీపి అంది ఈ పిల్ల. ఆ రాత్రి నాకు నిద్రపట్టలేదు. తెల్లారకముందే లేచి వాకిట్లో పిచ్చిదానిలా తిరిగా. సిగ్గుతో చచ్చిపోయాననుకో. ఇది నా ఇంట్లో ఉంటుంది, వాడున్నా సరే లేకపోయినా సరే, ఇది మాత్రం ఉంటుంది అనుకున్నా. ఏమే, ఏడుస్తున్నావా?”

“లేదు. ఆవిరి.”

“మూత పెట్టి ఉంటే ఆవిరెక్కణ్ణించొస్తుందే?”

“మూత తీస్తున్నా... అయ్యో, ఇదేంటి! ఇది షర్బత్తా? అంట్లు కడిగిన నీళ్లలా ఉంది. తగలేశానా అత్తమ్మా?”

“తగలెయ్యలేదు. రేకుల్ని పిండి అవతల పెట్టు, వడగట్టు. ఇప్పుడు నిమ్మకాయ. నా చెట్టే ఉంటే బజారు కాయ కొనాల్సొచ్చేదా?”

“అత్తమ్మా, ఆ చెట్టు...”

“ఆఁ?”

“ఏం లేదు. ఎంత పిండను?”

“చుక్క చుక్కగా. ఇప్పుడు కలపొచ్చు.”

“ఒకటి... రెండు... అమ్మో! చూడండి, చూడండి! ఎర్రగా అయిపోతోంది!”

“అవుతుంది మరి. ఎన్నేళ్లు చూసినా నాకు ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది.”

“ఇంత ఎరుపు ఆ మురికిలో ఎక్కడ దాక్కుందంటారు?”

“పులుపు తగిలితే గానీ బయటికి రాదు. సీసాలో పొయ్యి. కొంచెం గ్లాసుల్లో పొయ్యి, చన్నీళ్లు కలుపు. ఒక వంతుకి ఆరు వంతులు.”

“రెండే గ్లాసులు పెట్టారేం? నేర్మిన్, ఆ పిల్ల, వాళ్లమ్మ, మేనమామ... ఎంతమందొస్తున్నారు?”

“ఎవరూ రారు.”

“సాయంత్రానికి వస్తారా?”

“రారు అంటున్నా. గురువారమే ఫోన్ చేశాడు. ఇల్లరికం పోయాడు.”

“ఎవరు? నేర్మినా?”

“నా కొడుకే. సరాయెవోలో అత్తగారింట్లోనే కాపరం. ఇక్కడ తాగిన గ్లాసు తియ్యనివాడు అక్కడ పొద్దున్నే అత్తగారి కుక్కని షికారు తిప్పుతున్నాడట.”

“కుక్కనా? ఆయనకి కుక్కలంటే భయం కదా!”

“అది చిన్నదిలే, చెప్పంత ఉంటుందట. అయినా చేతికి తొడుగేసుకుని వెళ్తాడట. నవ్వు, నవ్వు. నేనూ గురువారం నవ్వా, తర్వాత కూర్చుని ఏడ్చా, నిన్న ఈ రుమాలు కట్టుకుని నీకు ఫోన్ చేశా.”

“అంటే గురువారంనించీ తెలిసి... తివాచీలు దులపనిది అందుకా? మరి ఈ షర్బత్తెవరికి? నన్ను పొద్దున్న ఐదింటికి లేపి రేకులెందుకు కత్తిరించమన్నారు?”

“లే.”

“ఎక్కడికి?”

“గుమ్మం బయటికి వెళ్లు. వెళ్లవే! అక్కడ నిలబడు. చెప్పులు అక్కర్లేదు. ఆఁ, ఇప్పుడు గడప దాటి లోపలికి రా. కుడికాలు ముందు.”

“వీధిలో జనం చూస్తున్నారు అత్తమ్మా.”

“చూడనీ. పోయినసారి ఉప్పు కోసం చూశారు, ఈసారి పంచదార కోసం చూస్తారు. ఇది నీ షర్బత్. పదకొండేళ్ల కిందట నా చేత్తో నీకు అందాల్సింది. కొడుకు పోతే పోయాడు, నువ్వెందుకు పోవాలి? తాళంచెవి జేబులో వేసుకో. వ్యానువాడొస్తే వాడికీ ఓ గ్లాసు పోసి పంపేద్దాం. తాగు.”

“ఈ గ్లాసు కాసేపు మీరే పట్టుకోండి అత్తమ్మా.”

“ఏమే? తాగవేం? నువ్వు కాచిందేగా, ఉప్పెక్కణ్ణించొస్తుంది?”

“తాగలేను.”

“ఎందుకు?”

“తాళంచెవి మీరు ఎవరికిస్తున్నారు?”

“నీకే. ఇంకెవరికి?”

“కాదు. ఉప్పు తాగి తియ్యగా ఉందన్న పిల్లకిస్తున్నారు. ఆ పిల్ల నేను కాదత్తమ్మా.”

“అంటే?”

“నేను తాగలేదు. పెదవికి తగలగానే తెలిసిపోయింది. మీరు మామయ్య వైపు తిరిగారు, ఎవరో పాట ఎత్తుకున్నారు. ముసుగు చాటున గ్లాసు వంచేశా.”

“ఎక్కడికి?”

“గుమ్మం పక్కకి.”

“గుమ్మం పక్కన ఏముంది?”

“మీకు తెలుసు ఏముందో.”

“నువ్వు చెప్పు.”

“నిమ్మచెట్టు. వారానికి చచ్చిపోయింది. మీరు జెయ్నా పిన్ని మీద పడ్డారు. చెప్దామనుకున్నా. చెబితే, వచ్చిన వారానికే అత్త మీద నింద వేసిందంటారు. రేపు చెప్దాం, బైరాం పండక్కి చెప్దాం అనుకున్నా, పదకొండు బైరాములు పోయాయి. పాపం ఆవిడ ఇవాళ కూడా చెయ్యి గీరుకుని పూలు కోసిచ్చింది. నా నోరు లేవలేదు. ఈ గ్లాసు తాగితే ఇంకో పదకొండేళ్లు మింగలేను నేను. ఇదిగో తాళంచెవి. ఎంత తిడతారో తిట్టండి, నాలుగింటికి పోతా.”

“అయిందా?”

“అయింది.”

“ఇంకేం లేదా?”

“ఇంకేముంటుంది?”

“అయితే తాగు.”

“అత్తమ్మా, విన్నారా నేనేం చెప్పానో? చెట్టుని చంపింది నేను! జెయ్నా పిన్ని కాదు!”

“చెట్టుని చంపింది నా ఉప్పు. తాగు తొందరగా. ఆ రెండో గ్లాసు జెయ్నాకి. లవంగాలు రెండే అని అది ఎలాగూ తిడుతుంది. నువ్వు ముందు నడు, నీ వెనక నేనొస్తా. విసిరి కొడితే నీకు తగులుతుంది.”

“మీకు కోపం రాలేదా?”

“వచ్చింది. పదకొండేళ్ల కిందట.”

“పదకొండేళ్ల కిందట మీకెలా తెలుసు?”

“పెళ్లి మర్నాడు, నువ్వు లేవకముందే, ఎవరి కంటా పడకుండా ఆ కుండీలోంచి తడిసిన గులాబీ రేకులు రెండూ ఏరి పారేసింది ఎవరనుకున్నావే?”